బటన్ రాకపోతే ముందు పాలసీని కాదు, పాత కుకీని అనుమానించు

తమ్ముడూ, పర్లాకిమిడి జీడిపప్పు గోడౌన్ యాప్‌లో అకౌంటెంట్‌కి డేటాబేస్‌లో బ్రాంచ్ క్లెయిమ్ (ఆయన ఏ బ్రాంచో చెప్పే టైపు-వాల్యూ జత) ఇచ్చినా 'బిల్ అప్రూవ్' బటన్ ఒకసారి వస్తంది ఒకసారి రావట్లేదు అన్నావు కదా. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ ఐడెంటిటీ (లాగిన్లు చూసుకునే భాగం), రేజర్ పేజీలు (వెబ్ పేజీలు కట్టే పద్ధతి) వాడానన్నావు కాబట్టి చెప్తున్నా, క్లెయిములన్నీ లాగిన్ టైంలోనే కుకీలోకి (బ్రౌజర్ దాచుకునే చిన్న డేటా) ఎక్కేస్తాయి, తర్వాత నువ్వు టేబుల్లో ఏం మార్చినా ఆ కుకీకి తెలీదు, డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి సెక్యూరిటీ స్టాంప్ (ఆ లాగిన్ ఇంకా చెల్లుతుందా అని చూసే గుర్తు) చెక్ అయినప్పుడే కొత్తవి వస్తాయి. ముందు ఆయన్ని లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వమను.

అప్పటికీ రాకపోతే అదే పేజీలో యూజర్ డాట్ క్లెయిమ్స్ (లాగిన్ అయినోళ్ల క్లెయిముల లిస్టు) మీద లూప్ వేసి టైపూ వాల్యూ స్క్రీన్ మీద ప్రింట్ చేసి చూడు. అప్పుడు నాకైతే క్లెయిమ్ వాల్యూలో ఊరి పేరు స్పెల్లింగ్ మీదే డౌటు. ఆ ఊరి పేరు మనోళ్లు ఒకలా టైప్ చేస్తారు, ఒడియావోళ్లు పరలాఖెముండి అని కొడతారు. పాలసీలో (ఎవరికి అనుమతో చెప్పే రూల్) ఏ క్లెయిమ్ ఉండాలో రాసే రిక్వైర్‌క్లెయిమ్‌లో టైపుకి పెద్దక్షరం చిన్నక్షరం పట్టింపు లేదు గానీ వాల్యూకి ఉంది, చివర్లో ఒక్క స్పేస్ ఎక్కువున్నా ఫెయిలే. పేరు తీసేసి బ్రాంచ్ కోడ్ పెట్టేయ్, గొడవ వదిలిపోద్ది.

ఇంకోటి, బటన్ దాచేస్తే సరిపోదు బాబూ, లాగిన్ ఉన్నోడెవడైనా ఆ పోస్ట్ రిక్వెస్ట్ నేరుగా పంపగలడు. రేజర్ పేజీల్లో ఆథరైజ్ ఆట్రిబ్యూట్ (అనుమతి ఉన్నోళ్లనే రానిచ్చే గుర్తు) హ్యాండ్లర్ (రిక్వెస్ట్ అందుకునే ఫంక్షన్) మీద పెడితే పనిచేయదు, పేజీ మోడల్ (ఆ పేజీ కోడ్ ఉండే క్లాస్) మీదే పెట్టాలి, లేదంటే హ్యాండ్లర్ లోపల ఆథరైజ్‌అసింక్‌ని పిలిచి అనుమతి చెక్ చేసి, ఫెయిలైతే ఫర్‌బిడ్ (అనుమతి లేదనే జవాబు) రిటర్న్ చేసేయ్.