జాకులా పాటలు వింటే అమ్మ భయపడుతోంది

ప్రశ్న: ఫ్రెండ్ ఒకడు ఇటలీ బ్యాండ్ ‘జాకులా’ పాటలు వినిపించాడు. అప్పట్నుంచి రాత్రిళ్లు అవే వింటున్నాను. అవి క్షుద్రపూజల పాటలు, ఆపెయ్యమని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. వాళ్ల మొదటి ఆల్బమ్ 1969 నాటిదని కొందరు, కాదని కొందరు అంటున్నారు. ఏది నిజమండీ?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: బాబూ, ముందు తేదీ సంగతి చెప్పేస్తాను. వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ఇన్ కౌడా సెంపర్ స్టాట్ వెనెనమ్’ను 1969లోనే చేశామని గిటారిస్ట్ ఆంటోనియో బర్తొచ్చెట్టి చెబుతూ వచ్చాడు. జనం చేతికి వచ్చింది మాత్రం 2001లో, ఇటలీలోని జెనోవాలో ఉన్న బ్లాక్ విడో రికార్డ్స్ అనే కంపెనీ ద్వారా. ఆ గిటార్ మోత వింటే 1969 నాటిదని నాకు నమ్మబుద్ధి కాదు. రికార్డులు సేకరించేవాళ్లలో చాలామందికీ ఇదే అనుమానం. 1972లో వచ్చిన ‘టార్డో పేడె ఇన్ మాజియమ్ వెర్సుస్’ విషయంలో ఏ పేచీ లేదు. నా లెక్కలో జాకులా అంటే ఆ రికార్డే.

మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారెయ్యకు. వినేవాళ్లు అలా భయపడాలనే వాళ్లు ఆ పాటలు కట్టారు. బ్యాండ్ పేరు ఒక రక్తపిశాచి కథల కామిక్ నుంచి తెచ్చుకున్నదే. ఆత్మలను పలికించేవాడంటూ ఫ్రాంజ్ పార్థెంజీ అనే పేరు కూడా వాద్యకారుల పక్కన వేశారు. ఇదంతా పైపై హంగు. నాకు ఒళ్లు జలదరించేది ఆర్గాన్ దగ్గర, అంటే చర్చిల్లో ఉండే గొట్టాల వాద్యం దగ్గర.

బరంపురం చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. నటుడు రాగం తీస్తున్నంతసేపూ కింద శ్రుతి నిలబెట్టాలంటే తిత్తి ఆడిస్తూనే ఉండాలి. చెయ్యి కాస్త తడబడితే చాలు, శ్రుతి వణుకుతుంది. వాయించేది మనిషేనని అక్కడ తెలిసిపోతుంది. చర్చి ఆర్గాన్‌కు గాలి విడిగా అందుతుంది. మెట్టు నొక్కిపట్టినంతసేపూ స్వరం ఊపిరి తీసుకోకుండా నిలుస్తుంది. గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత కిందికి దిగుతుంది. 16 అడుగుల గొట్టమైతే సెకనుకు సుమారు 33 కంపనాలే. అలాంటి స్వరం గుండెల మీద తెలుస్తుంది. పైగా ఆ 1972 రికార్డులో డ్రమ్స్ దాదాపు లేవు. తాళం లేనప్పుడు తర్వాత ఏం రాబోతోందో మనసుకు అందదు. సగం భయం అక్కడే పుడుతుంది.

ఇక ఆల్బమ్‌లకు పెట్టిన ఆ లాటిన్ పేర్లు. ఇటలీలో 1965 దాకా చర్చి పూజ లాటిన్‌లోనే సాగేది. 1972లో ఆ రికార్డు కొన్న కుర్రాడు చిన్నప్పుడు ఆదివారం ఆదివారం ఆ భాషా, ఆ ఆర్గానూ భక్తితో విన్నవాడే అయ్యుంటాడు. ఆ రెండింటినీ తెచ్చి చీకటి కథకు వాడుకున్నారు. ఎంత ఆలోచన!

ఆ రికార్డులో ఫియామ్మా దెల్లో స్పిరిటో అనే పేరుతో పాడినావిడ డోరిస్ నార్టన్. బర్తొచ్చెట్టితో కలిసి ఆంటోనియస్ రెక్స్ అనే బ్యాండ్ పేరుతో 1977లో ‘జోరా’ ఆల్బమ్ చేసింది. 1984లో ‘పర్సనల్ కంప్యూటర్’ అని పూర్తి ఎలక్ట్రానిక్ ఆల్బమ్ తెచ్చింది. ఇంత పని చేసిన మనిషి పేరు ఎక్కువమందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ. ఆవిడ రికార్డులు తప్పకుండా విను.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకు, అందులో కింది స్వరాలు పలకవు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ 1972 రికార్డులోని ‘ప్రెజెంషియా డొమిని’ పాటతో మొదలుపెట్టు. పగటిపూట అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడకూ వినిపించు, ఆర్గాన్ సంగతి చెప్పు. అప్పటికీ రాత్రిళ్లు వద్దంటే మానెయ్. పరీక్షల రోజుల్లో నిద్ర పాడుచేసుకోకు.