నిల్వ మురుగునీటిలో నత్రజని ఎటు పోతోంది?

సందేహం: శుద్ధి చేయని మురుగునీటిని జలాశయంలో నిల్వ ఉంచి వరికి పెడుతున్నాం. చలికాలపు పైరు మితిమీరి ఏపుగా పెరిగి పడిపోయింది, తాలు ఎక్కువైంది. అదే నీటిని నమ్మి వేసవి పైరుకు యూరియా మానేస్తే ఆకులు పసుపుబారాయి. ఎందుకిలా?

సలహా: జలాశయం ఒకటే, కానీ అందులో ఎరువు బలం రెండు కాలాల్లోనూ ఒకేలా ఉండదండీ. మురుగులోని నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా ఉంటుంది. ఎండ కాసే రోజుల్లో నీరు నాచుతో పచ్చబడుతుంది. ఆ నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేయడంతో మధ్యాహ్నానికి ఉదజని సూచిక (pH, అంటే నీటి ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే కొలత) 9 దాటవచ్చు. 25 డిగ్రీల వేడిలో అది 9.25కు చేరితే, అమ్మోనియాలో సగం వాయురూపంలోకి మారి గాలిలో కలిసిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. మరికొంత నత్రజనిని నాచే తీసుకుని, చచ్చాక అడుగుకు చేరుస్తుంది. చలికాలంలో ఇవన్నీ మందగిస్తాయి కాబట్టి నత్రజని నీటిలోనే ఉండి పొలానికి వస్తుంది.

భాస్వరానికి గాలిలోకి పోయే దారి లేదు. అది సున్నంతో, ఇనుముతో కలిసి బురదలో చేరుతుంది. అడుగున ఆక్సిజన్ తగ్గితే ఇనుము పట్టి ఉంచిన భాస్వరం మళ్లీ నీటిలోకి వస్తుంది. పొటాష్ పెద్దగా తగ్గదు.

అందుకే అంచనా మీద యూరియా మానేయవద్దు. నీరు పెట్టే కాలం మొదలయ్యే ముందు, తూము దగ్గర నీటి పైమట్టానికి ఒక అడుగు కింద నుంచి సీసా నిండా నీరు పట్టి, మంచులో ఉంచి, అదే రోజు మొత్తం నత్రజని పరీక్షకు ఇవ్వండి. లీటరుకు 25 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ఎకరంలో 10 సెంటీమీటర్ల నీరు పెడితే సుమారు 4 లక్షల లీటర్లు, అంటే 10 కిలోల నత్రజని. దాదాపు 22 కిలోల యూరియాతో సమానం. పైరుకు వేయాల్సిన మోతాదులో నుంచి అంత తగ్గించండి.

ఇప్పుడు పసుపు రంగు ముదిరిన పాత ఆకుల్లో మొదలైతే నత్రజని లోపమే; యూరియాను కొద్దికొద్దిగా, రెండు దఫాలుగా వేయండి. లేత ఆకులు ముందుగా పాలిపోతే గంధకం లోపం ఉందేమో చూడాలి. చలికాలపు పైరుకు చిరుపొట్ట దశ (కాండంలో వెన్ను ఏర్పడే దశ) దాటాక వేరే నీరు దొరికితే అదే పెట్టండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. మీరు నీరు తోడుతున్నప్పుడు కూడా కొత్త మురుగు లోపలికి వస్తోందా? వస్తుంటే అది నిలవకుండానే పొలానికి చేరుతుంది. నత్రజనితో పాటు రోగక్రిములూ వస్తాయి. వీలైతే జలాశయాన్ని కట్టతో రెండుగా చీల్చి, ఒకటి నిండుతుండగా కొన్ని వారాలు నిలిచిన రెండోదాన్ని వాడండి. నులిపురుగుల గుడ్లు బురదలోకి దిగుతాయి కాబట్టి అడుగు నీటిని తోడవద్దు. లీటరుకు ఒక గుడ్డుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీరు పెట్టకండి. మడిలోకి దిగేవారు బూట్లు వేసుకోవాలి.