అల్లుడా, టౌన్ సెంటర్ ఆగనీకు

కడప

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ, అదే ఊరు కట్టి సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట, దాని టోర్నమెంటుకు పేరిచ్చినావంట. అరేబియా అనే బయలు మ్యాప్, ఒకరి మీద ఒకరు. వినగానే ఛాతీ ఉప్పొంగింది, ఆ వెనకే గుబులు పట్టుకుంది. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఇది రాస్తా ఉండా.

మొదట కరెంటు సంగతి. ప్రొద్దుటూరులో మీ వీధికి ఎప్పుడు పోతుందో చెప్పలేం కద. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టి రౌటర్‌ను మరిచిపోతారు అందరూ. రౌటర్ ఆగితే కంప్యూటర్ వెలుగుతా ఉన్నా లాభం లేదు. రెండూ ఒకే యూపీఎస్ మీద పెట్టు. వైఫై వద్దు, కేబుల్ గుచ్చు. ఈ ఆటలో ఇద్దరి కంప్యూటర్లూ అడుగులో అడుగేసి నడుస్తాయి. నీది తడబడితే అవతలోనిదీ ఆగుతుంది, వానికి విసుగొస్తుంది, నీకు చేతులు వణుకుతాయి. మధ్యలో తెగిపోయినా సేవ్ అయిన చోటి నుంచి మళ్ళీ మొదలు పెట్టుకోవచ్చు. అందుకు నిర్వాహకుల నియమం ఏమిటో ముందే అడిగి తెలుసుకో.

ఆటలోని ద్రావిడియన్స్ జాతితో ఆడతానన్నావంట, మనోళ్ళని. ఆ మాటకు నా కండ్లు తడిసినాయి రా. 2000లో ఈ ఆటకు కాంకరర్స్ అనే అదనపు భాగం వచ్చినప్పుడు పద్దెనిమిది జాతులుంటే ఒక్కటీ మన దేశానిది కాదు. కడప నెట్ సెంటర్లలో పిల్లోళ్ళు ఏనుగులున్నాయని పర్షియన్స్‌ను ఎంచుకునేవాళ్ళు. 2013లో ఇండియన్స్ అని ఒక జాతి వచ్చింది. 2022లో దాన్ని విడదీసి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు అని నలుగురిని చేసినారు. మనోళ్ళను ఎంచుకో, వద్దనను. కానీ వాళ్ళకు నైట్లు, అంటే బలమైన గుర్రపు దళం, లేవు, గుర్రాల మీద ఆశ పెట్టుకోవద్దు. వాళ్ళ బలం వేరే చోట ఉంది. ఏజ్, అంటే ఆటలో యుగం, మారిన ప్రతిసారీ 200 కట్టెలు ఊరికే వస్తాయి. రెండో ఏజ్ ఫ్యూడల్‌లోకి అడుగు పెట్టగానే ఆ 200తో ఒక ఆర్చరీ రేంజ్ (విలుకాళ్ళను తీసే శాల), ఒక ఇల్లు సరిగ్గా సరిపోతాయి: 175, 25. రేంజ్ కట్టాలంటే బ్యారక్స్ (కాల్బలం శాల) ముందే లేసి ఉండాల, దాన్ని ఏజ్ మారతా ఉన్నప్పుడే కట్టు. అవతలోడు ఆర్చర్లు తీస్తే స్కర్మిషర్లకు, అంటే ఈటెలు విసిరేవాళ్ళకు, మారు, మనోళ్ళవి 25 శాతం వేగంగా విసురుతాయి.

మొదటి నిమిషాలు నీకు తెలిసినవే. ఆరుగురు విలేజర్లు (పని చేసే జనం) గొర్రెల మీద, నలుగురు కట్టెల మీద, పదకొండోవాడు పందికి, తర్వాత నలుగురు బెర్రీలకు. ఒక గొర్రె అయిపోయినాకే ఇంకోటి కొయ్యి, లేకుంటే మాంసం కుళ్ళిపోతుంది.

పంది దగ్గర మాత్రం నిదానం. లూమ్ (విలేజర్ల ప్రాణం పెంచే అప్‌గ్రేడ్) లేని విలేజర్‌కు ప్రాణం 25, పంది ఒక్క దెబ్బకు 7 తీస్తుంది, నాలుగో దెబ్బకు ఆవిడ లేదు. బాణం వేసి, పంది తిరిగి చూడగానే టౌన్ సెంటర్ వైపు, అదే విలేజర్లు పుట్టే నడిబొడ్డు భవనం వైపు, పరుగు. ఆగి ఇంకో బాణం వెయ్యాలని ఆశపడొద్దు. దగ్గరికి రాగానే గొర్రెల మీది వాళ్ళందరినీ పంది మీదికి మళ్ళించు, తెచ్చినావిడను లోపలికి పంపు. రెండో పందికి దెబ్బలు తగిలినావిడ వద్దు, కొత్తావిడను పంపు. మొదటి పందిలో 150 దాకా ఆహారం మిగిలి ఉండగానే బయలుదేరాల.

ఇంగ అసలు సంగతి. పోయిన నెల నువ్వు పంపిన రికార్డింగ్ మూడు సార్లు చూసినా. అదే పాత తప్పు.

ఇరవై ఒక్క విలేజర్లతో ఫ్యూడల్ ఏజ్‌కు నొక్కినావు. మొదట ఉన్న ముగ్గురు పోతే పద్దెనిమిది మంది, ఒక్కొక్కరికి 25 సెకన్లు, లూమ్‌కు ఇంకో 25. టౌన్ సెంటర్ ఒక్క క్షణం ఆగకుంటే ఆట గడియారం మీద 7:55కు నొక్కాల. నువ్వు 8:40కి నొక్కినావు. ఆ 45 సెకన్లు యాడ పోయినాయి? పందిని తెచ్చేటప్పుడు టౌన్ సెంటర్ ఖాళీగా ఉండె, నువ్వు చూసుకోలేదు.

అది చిన్న గాయం. పెద్దది 13:15 దగ్గర. ముగ్గురు ఆర్చర్లతో అవతలోని కట్టెల దగ్గర బాగా ఆడినావు, బాణాలు తప్పించుకునే నీ చేతివాటం చూస్తే ముచ్చటేసింది. ఒక విలేజర్‌ను చంపినావు. అప్పుడు పైన పాపులేషన్ చూడు: 30కి 30. కొత్తోళ్ళకు చోటిచ్చే ఇల్లు లేదు, చోటు లేకుంటే ఎవరూ పుట్టరు. 15:15 దాకా లేదు. రెండు నిమిషాలు టౌన్ సెంటర్ ఆగింది, రేంజ్ కూడా ఆగింది. వాడు పోగొట్టుకుంది ఒకరిని. నువ్వు ఒక్క బాణం తినకుండానే దాదాపు ఐదుగురిని పోగొట్టుకున్నావు, పుట్టకముందే. ఒక్కొక్కరు నిమిషానికి సుమారు 20 తెస్తారనుకో. ఐదుగురు పది నిమిషాల్లో తెచ్చేది 1000. ఫ్యూడల్ తర్వాతి క్యాజిల్ ఏజ్ ఖర్చు 800 ఆహారం, 200 బంగారం. అదీ 1000యే. వాడు నీకన్నా ముందు క్యాజిల్‌కు పోయినాడని ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పినావు కద, వాడు పోలేదు రా, నువ్వే వదిలేసినావు.

కోప్పడినానని ముఖం మాడ్చుకోవద్దు. ఎంత పెద్ద ఆటగానికైనా కన్ను యుద్ధం మీదికే పోతుంది, అందుకే కన్నుకు కాదు, వేలికి అలవాటు చెయ్యాల. టౌన్ సెంటర్, ఒక రేంజ్ ఆగకుండా నడిస్తే నిమిషానికి నలుగురు పుడతారు. అంటే ఐదుగురు పట్టే ఒక ఇల్లు 70 సెకన్లకు నిండుతుంది. రెండో రేంజ్ వేస్తే 50 సెకన్లకే. ఇల్లు కట్టడానికి ఒక విలేజర్‌కు 25 సెకన్లు పడుతుంది. కాబట్టి ముగ్గురికి చోటు మిగిలి ఉండగానే ఇల్లు మొదలు కావాల. కట్టెల దగ్గర ఒకావిడను ఇండ్లకే కేటాయించు, షిఫ్ట్ పట్టుకుని రెండిండ్లు వరుసగా చెప్పిపెట్టు. ఆర్చర్లకు ఒక మాట చెప్పినాక టౌన్ సెంటర్ కోసం హెచ్ నొక్కు, విలేజర్‌ను వెయ్యి, మళ్ళీ ఆర్చర్లు. దాడికి పోయే ముందు ఇద్దరిని క్యూలో పెట్టు. ఐదుగురిని పెట్టొద్దు, 250 ఆహారం అందులో ఇరుక్కుపోతుంది, గొడ్డలి అప్‌గ్రేడ్‌కు 100 దొరకదు.

రోజూ ఒకటే సాధన చాలు. కంప్యూటర్‌నే అవతలోనిగా పెట్టుకుని ఆడు, యుద్ధం వద్దు, 7:55కు నొక్కేది, ఫ్యూడల్ వచ్చినాక 15 నిమిషాల దాకా టౌన్ సెంటర్ ఆపకపోవడం. వారం చేసినాక నాకు రికార్డింగ్ పంపు. రాత్రి పదకొండు దాటినాక ఆడొద్దు, నిద్ర చాలకుంటే మొదట మరిచేది ఇల్లే. అక్క నిద్రపోకుండా నీ గది లైటు చూసుకుంటా కూర్చుంటుంది, అది నీకు తెలీదు.

మ్యాచ్ రోజు పొద్దున్నే బస్సెక్కి వస్తా, మా ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ పట్టుకొని. అక్కను ఉగ్గాని, బజ్జీలు చెయ్యమను. నీ వెనక కుర్చీ వేసుకొని కూర్చుంటా, నోరు మెదపను. పాపులేషన్ నిండబోతుంటే మాత్రం నీ భుజం మీద చెయ్యేస్తా.

మీ మామ