9 స్పీడ్ షిఫ్టర్‌కి 10 స్పీడ్ డీరైలర్ పడుతుందా? అంకె చూసి కొనకండి

మీ సైకిల్‌కున్నది 9 స్పీడ్ (అంటే వెనక తొమ్మిది పళ్ల చక్రాలు) సోరా షిఫ్టర్, అంటే హ్యాండిల్ దగ్గర గేర్లు మార్చే లివర్, షిమానో కంపెనీ రోడ్డు రకం. ఘాట్‌ల కోసం 10 స్పీడ్ డియోర్ డీరైలర్, అంటే వెనక చైనుని చక్రం నుంచి చక్రానికి జరిపే భాగం, అదే కంపెనీ కొండ సైకిళ్ల రకం, వేయొచ్చా అని అడిగారు. వద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే డబ్బా విప్పకుండా వాపసు ఇచ్చేయండి.

నాది 10 స్పీడ్ టియాగ్రా 4600 (ఇదీ షిమానో రోడ్డు రకమే) ఉన్న రోడ్ సైకిల్. ఒకసారి కుడివైపు పడి డీరైలర్ వంగిపోయింది. షాపులో రోడ్డు రకం స్టాకు లేదని 10 స్పీడ్ డియోర్ తీశారు. "టెన్ స్పీడే కదా సార్, సెట్ అయితది" అన్నాడు మెకానిక్. స్టాండు మీద పెడల్ తిప్పి, మధ్యలో రెండు గేర్లు మార్చి చూపించాడు. టకటకమంటోంది కదా అంటే, కొత్త కేబుల్, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు.

ఆ ఆదివారం తెల్లవారుజామున మా బావమరిదీ నేనూ వికారాబాద్ బయల్దేరాం. చదును రోడ్డు మీద ఆ చప్పుడు ఎలాగో ఓర్చుకున్నాను. అనంతగిరి ఎక్కడం మొదలయ్యాక లివర్ నొక్కుతూనే ఉన్నాను. క్లిక్కులన్నీ అయిపోయాయి. వంగి చూస్తే చైను వెనక ఏడో పళ్ల చక్రం మీదే ఉంది, ఎనిమిదో దాని పళ్లకి గీసుకుంటూ కరకరమంటోంది. ఎక్కుడుకి కావలసిన మూడు పెద్ద చక్రాలు నూనె మరక కూడా అంటకుండా తళతళలాడుతున్నాయి! ఇంకాస్త బలంగా తొక్కేసరికి చైను జారింది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. మిగతా ఘాట్ అంతా సైకిల్ తోసుకుంటూ ఎక్కాను.

ఇంటికొచ్చి లెక్క చూస్తే గానీ అర్థం కాలేదు. 10 స్పీడ్ క్యాసెట్‌లో, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తిలో, చక్రానికీ చక్రానికీ దూరం 3.95 మి.మీ. నా షిఫ్టర్ ఒక్కో క్లిక్కుకి 2.3 మి.మీ. కేబుల్ లాగుతుంది. నా పాత డీరైలర్ దానికి 1.7 రెట్లు కదులుతుంది, అంటే 3.9. సరిపోయింది. డియోర్ లాంటి 10 స్పీడ్ ఎంటీబీ (కొండ సైకిల్) డీరైలర్లకి షిమానో ఈ లెక్కే మార్చేసింది. అది 1.2 రెట్లే కదులుతుంది, అంటే 2.8 కూడా రాదు. తొమ్మిది క్లిక్కులకి 35 మి.మీ. దాటాల్సింది 25 దగ్గరే ఆగిపోతుంది. ఏ స్క్రూ ఎంత తిప్పినా ఈ తేడా పోదు.

మీ కేసూ ఇంతే. 9 స్పీడ్ షిఫ్టర్ లాగేది 2.5 మి.మీ., కదలాల్సింది 4.35, డియోర్ కదిలేది 3.

అసలు మన దగ్గర సైకిళ్లు అమ్మే పద్ధతే నాకు నచ్చదు. ముందు మూడు, వెనక ఏడు గుణించి "21 గేర్లు" అని స్టిక్కర్ వేస్తారు, వాటిలో సగం ఒకదానికొకటి నకలే. ఆన్‌లైన్‌లో "అన్ని 10 స్పీడ్ సైకిళ్లకీ సరిపోతుంది" అని రాసి అమ్ముతారు. కేబుల్ ఎంత లాగుతుందో ఒక్కరూ రాయరు. 1984లో షిమానో క్లిక్కు షిఫ్టింగ్ తెచ్చినప్పటి నుంచీ ముఖ్యమైన కొలత అదే. అంతకుముందు క్లిక్కులే లేని లివర్‌తో చేత్తో సర్దుకునేవాళ్లు, కాబట్టి ఏ డీరైలరైనా నడిచిపోయేది.

మీరు 9 స్పీడ్ అలివియో డీరైలర్ తీసుకోండి. ఎంటీబీదే అయినా దానిది పాత 1.7 లెక్కే, పెద్ద క్యాసెట్‌నీ మోస్తుంది. చివరికి నా 10 స్పీడ్ షిఫ్టర్‌కి కూడా అదే వేశాను, వెనక 34 పళ్ల చక్రం దాకా హాయిగా ఎక్కుతోంది. పాత రోడ్డు 10 స్పీడ్ డీరైలర్ దొరికినా మీకు పనిచేస్తుంది, ఒక్క టియాగ్రా 4700 తప్ప. అది పేరుకి 10 స్పీడ్, కేబుల్ లెక్క 11 స్పీడ్‌ది. స్రామ్ అనే ఇంకో కంపెనీ డీరైలర్ జోలికి మాత్రం వెళ్లకండి, వాళ్ల కొలత పూర్తిగా వేరు.

డీరైలర్ వెనకవైపు బురద తుడిస్తే "ఆర్‌డీ"తో మొదలయ్యే నంబర్ కనిపిస్తుంది. అదీ, మీ క్యాసెట్‌లో పెద్ద చక్రానికి ఎన్ని పళ్లున్నాయో అదీ కింద రాయండి, చూసి చెప్తాను.