సెల్లార్ పోర్షన్‌లో ఇద్దరు కాస్తా ఐదుగురైతే

అన్నా, విజయవాడ సింగ్‌నగర్‌లో మీ సెల్లార్ పోర్షన్ మొగుడూపెళ్ళాలిద్దరికే అని ఇచ్చారు, ఇప్పుడు పసిబిడ్డ, అత్తగారు, తమ్ముడితో కలిపి ఐదుగురయ్యారు, అద్దె పెంచాలా ఖాళీ చేయించాలా అన్నారు కదా. అద్దె సంగతి తర్వాత, ముందు సెల్లార్ గురించి ఆలోచించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు మీ ఏరియాలో గ్రౌండ్ ఫ్లోర్లే మునిగాయి, అలాంటిది ఇంకా కిందున్న గదిలోకి అర్ధరాత్రి నీళ్ళొస్తే బాలింత, చంటిపిల్ల, పెద్దావిడ ఎలా బయటపడతారండీ, పైగా ప్లాన్‌లో సెల్లార్ చూపించేది పార్కింగ్‌కే, మనుషులుండటానికి కాదు, గాలాడదు, గోడలు చెమ్మ.

పైన పోర్షన్ ఖాళీగా ఉంటే వాళ్ళకే ఇచ్చేయండి, కొత్త అగ్రిమెంట్ రాసుకుని అద్దె అప్పుడు మాట్లాడుకోవచ్చు. లేదంటే వేరే ఇల్లు వెతుక్కోమని రెండు మూడు నెలలు టైం ఇవ్వండి, కానీ వానలు మొదలయ్యేలోపే మారేలా చూడండి, అడ్వాన్స్ మాత్రం వెంటనే తిరిగిచ్చేయండి, కొత్తింటికి వాళ్ళకదే కావాలి. ఈలోపు కరెంటు ఎక్కువ కాలుతోందంటే సబ్‌మీటర్ పెట్టి యూనిట్ల లెక్కన తీసుకోండి. 11 నెలల అగ్రిమెంట్ నడుస్తుండగా బిడ్డ పుట్టిందని అద్దె పెంచడం నాకైతే న్యాయం అనిపించట్లేదు అన్నా.