వైజాగ్‌లో ఇంతమంది బయటివాళ్ళున్నా ఎఫ్‌ఎంలన్నీ తెలుగు సినిమా పాటలే ఎందుకు వేస్తాయి?

ప్రశ్న అడిగినాయన ఒక లెక్క రాశారు. నేవీ ఉంది, స్టీల్‌ప్లాంట్ ఉంది, పోర్టు, రైల్వే, రిఫైనరీ ఉన్నాయి, హిందీ, ఒడియా, బెంగాలీ, మలయాళం మాట్లాడేవాళ్ళు వీధికొకరు కనిపిస్తారు, మరి వాళ్ళ కోసం ఒక్క స్టేషనైనా ఎందుకు లేదు, జనాభాని బట్టే కదా పాటలు వెయ్యాలి అని. సరిగ్గా ఇదే లెక్క పట్టుకుని నేను ఒకప్పుడు ఎండలో స్కూటర్ మీద ఊరంతా తిరిగాను. కాబట్టి చెప్తాను వినండి.

2009లో ఇక్కడ ఒక ప్రైవేట్ ఎఫ్‌ఎంలో యాడ్స్ అమ్మే ఉద్యోగంలో చేరాను. పేరు వద్దు. రెండున్నరేళ్ళు చేశాను. ఆఖరి మూడు నెలల ఇన్సెంటివ్ ఇంకా రావాలి, ఇక వస్తుందన్న ఆశ కూడా లేదు, అది వదిలేయండి.

మా ప్రోగ్రామింగ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా హిందీ పాటలు వేద్దామని ఒకటే గొడవ. గోడ మీద వైజాగ్ మ్యాప్ అంటించి, సింధియా, మల్కాపురం, 104 ఏరియా, ఉక్కునగరం లాంటి నేవీ, స్టీల్‌ప్లాంట్ జనం ఉండే చోట్ల చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నాలు చుట్టాడు. చూస్తే నిజమే అనిపించింది. సగం ఊరు ఎర్రగా ఉంది. మేనేజర్ సరే అన్నాడు, కానీ స్పాన్సర్ దొరికితేనే. ఆ స్పాన్సర్‌ని తేవాల్సింది నేను.

నాకు వెంటనే తట్టింది డాబాగార్డెన్స్ వైపు ఉన్న ఒక మిఠాయి కొట్టు. రాజస్థాన్ నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. హిందీ పాటలకి హిందీ సేఠ్, ఇంతకన్నా సులువైన అమ్మకం ఉంటుందా? మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను, ఆ టైమ్‌లో బేరాలు తక్కువ. లోపల ఒక కుర్రాడు కాజూ బర్ఫీని పళ్ళెంలో పరిచి, స్టీలు స్కేలు పెట్టి గీతలు గీసి మరీ కోస్తున్నాడు. సేఠ్‌గారు గల్లా దగ్గర కూర్చుని నా ముందు ఒక కచోరీ పెట్టించారు. నేను దూరదర్శన్ చూసి నేర్చుకున్న హిందీలో మొదలుపెట్టాను. ఆయన ఓ రెండు నిమిషాలు ఓపిగ్గా విని, శుభ్రమైన తెలుగులో, "బాబూ, తెలుగులో చెప్పు, తొందరగా అయిపోద్ది" అన్నారు.

చెప్పాను. ఆయన గల్లా పెట్టె కింద నుంచి ఒక లావాటి పుస్తకం తీశారు. పెళ్ళిళ్ళ ఆర్డర్ల పుస్తకం, అంచులన్నీ నెయ్యి మరకలు. వేలితో ఒక్కో పేరూ చూపిస్తూ చదివారు. అప్పలరాజు, పెందుర్తి, లడ్డు ముప్పై కేజీలు. రమణమ్మ, గాజువాక, గృహప్రవేశం. నూకరాజు, అనకాపల్లి. సింహాచలం, కంచరపాలెం. నాలుగు పేజీలు తిప్పితే ఒక్క హిందీ పేరు లేదు.

"హిందీవాళ్ళకి నా కొట్టు నువ్వు చెప్పాలా? రైలు దిగిన వారంలో వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. నా సంగతి తెలియంది ఈ నూకరాజు పక్కింటాయనకి. ఆయన హిందీ పాట పెట్టుకుంటాడా ఇంట్లో?"

నేను ఓడిపోయాననుకోలేదు. నేవీ ఆఫీసర్లు సార్, జీతాలు బాగుంటాయి సార్ అన్నాను. ఆయన నవ్వారు. "వాళ్ళు సబ్బు నుంచి ఫ్రిజ్ దాకా క్యాంటీన్లో కొంటారు. మూడేళ్ళకి ట్రాన్స్‌ఫర్. నా పేరు వాళ్ళకి అలవాటయ్యేసరికి కొచ్చిలో ఉంటారు."

ఆయన చివరికి యాడ్ ఇచ్చారు. పొద్దున్న తెలుగు షోలో, పది సెకన్ల స్పాట్, రోజుకి నాలుగు. అదీ సగం డబ్బు, సగం సరుకు. ఆ దీపావళి నుంచి సంక్రాంతి దాకా మా ఆఫీసులో అందరం సోన్‌పాపిడి తిన్నాం. యాడ్ వెయ్యమని ఇచ్చే రిలీజ్ ఆర్డర్ కాగితం మీద నూనె వేలిముద్ర పడితే మా అకౌంట్స్ మేడమ్ ఇంకోటి తెమ్మని వెనక్కి పంపింది. ఇక ఆదివారం హిందీ షో ఒక్క వారం కూడా నడవలేదు, ఎందుకంటే అసలు మొదలే కాలేదు. మ్యాప్ మాత్రం నేను మానేసేదాకా గోడకి ఉంది.

నాకు అర్థమైంది ఏమిటంటే, ఊళ్ళో ఎవరెంతమంది ఉన్నారన్నది రేడియోకి సగం లెక్కే. పగటిపూట రేడియో ఎవరి చెయ్యి కింద మోగుతోంది, ఆ విన్నవాళ్ళు ఏ కొట్లో కొంటారు అన్నది మిగతా సగం. నేవీవాళ్ళు పగలు డ్యూటీలో ఉంటారు. స్టీల్‌ప్లాంట్‌కి వచ్చిన బీహార్, ఒడిశా కుటుంబాల పిల్లలు ఇక్కడే చదువుకుని మనకన్నా బాగా తెలుగు పాటలు పాడతారు. పగలు రేడియో మోగేది ఆటోలో, టైలర్ షాపులో, సెలూన్లో, వంటింట్లో, అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి అమ్మాయిల్ని తీసుకెళ్ళే బస్సుల్లో. అక్కడంతా శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పల్లెల నుంచి వచ్చిన జనం.

ఇది ఊహ అనుకోకండి, కళ్ళారా చూశాను. ఎంతమంది వింటున్నారో కొలిచే ర్యామ్ సర్వే ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కోల్‌కతాలకే ఉండేది. మనకి లేదు. అందుకని మా మేనేజర్ మమ్మల్నే బజార్ల మీదకి తోలేవాడు, ఏ కొట్లో ఏ స్టేషన్ మోగుతోందో రాసుకు రమ్మని. గాజువాకలో ఒక లేడీస్ టైలర్ షాపుకి అలా వెళ్ళాను. ఆరు మిషన్లు, ఆరుగురు అమ్మాయిలు, ఒక కటింగ్ మాస్టర్. మాస్టర్‌ది బరంపురం. మీకు ఒడియా పాటలు వస్తే వింటారా అని అడిగాను. "రాత్రి రూముకెళ్ళాక ఫోన్లో ఇంటాను బాబూ. ఇక్కడ పెడితే ఈ పిల్లలు కునుకు తీస్తారు" అన్నాడు. నేను పావుగంట అక్కడే నిలబడ్డాను. మెల్లటి పాట వస్తే మిషన్ల చప్పుడు కూడా మెల్లబడుతోంది. స్పీడ్ పాట రాగానే ఆరు పెడళ్ళూ ఒక్కసారి అందుకున్నాయి. బ్లౌజుకి ఇంతని కూలీ ఇచ్చే మాస్టర్‌కి ఏ పాట కావాలో వేరే చెప్పాలా? మా రిపోర్టులో "శ్రోతల ఇష్టం" అని ఒక గడి ఉండేది. అది ఎవరి ఇష్టమో నాకు ఈరోజుకీ తెలీదు.

ఎవరో ఒకరు కింద కామెంట్లో అమెరికా సంగతి తెస్తారు, అక్కడ ప్రతి జాతికీ ఒక స్టేషన్ ఉంది కదా అని. నేనే తెస్తా. మెంఫిస్ అనే ఊళ్ళో డబ్ల్యూడీఐఏ అనే స్టేషన్ నష్టాల్లో ఉంటే, 1948లో దాని తెల్లజాతి ఓనర్లు న్యాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి స్కూలు మాస్టారిని మైకు ముందు కూర్చోబెట్టారు. కొద్ది కాలానికే స్టేషన్ మొత్తం నల్లజాతి శ్రోతలదైపోయింది, బ్రహ్మాండంగా నడిచింది. బి.బి. కింగ్‌కి పెద్ద పేరు రాకముందు అక్కడే పాటలు వేసేవాడు. ఆ ఊరి జనాభాలో నల్లజాతివాళ్ళు దాదాపు 40 శాతం. కానీ నన్నడిగితే అసలు కిటుకు ఆ 40 శాతంలో లేదు. వాళ్ళు ఆ ఊరివాళ్ళు. పిండీ సబ్బూ ఆ ఊరి కొట్లలోనే కొంటారు, మూడేళ్ళకి కొచ్చి వెళ్ళిపోరు. మన సేఠ్‌గారు మెంఫిస్‌లో ఉండుంటే ఆ స్టేషన్‌కి మొదటి యాడ్ ఆయనే ఇచ్చేవాడు.

ఇక్కడ గవర్నమెంట్ కూడా తలలే లెక్కపెట్టింది. 2005 ఎఫ్‌ఎం పాలసీలో 10 నుంచి 20 లక్షల జనాభా ఉంటే బి కేటగిరీ ఊరన్నారు, వైజాగ్ అందులో పడింది. లైసెన్సుకి వేలం పాడి డబ్బు కట్టాక, వార్తలు సొంతంగా చదవకూడదన్న రూల్ ఉన్నాక, ఎవడైనా ఏం చేస్తాడు? అందరికన్నా పెద్ద గుంపు దగ్గరికే పోతాడు. ఒకే సందులో నాలుగు ఇడ్లీ బండ్లు పెట్టినట్టు. చట్నీలో తేడా ఉందని ఎవరికి వాళ్ళు అనుకుంటారు, మనకి తెలిసి చావదు.

సరే, పెద్ద గుంపు మనదే అయితే మరి మన మాట ఏది? నా అసలు కడుపుమంట ఇది. శ్రోతల్లో ఎక్కువమంది ఉత్తరాంధ్ర జనమే. పొద్దున్న షో పెడితే ఆర్జే విజయవాడలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగినట్టు మాట్లాడుతుంది. "ఏటి బావూ, ఎల్తన్నావా" అన్న మాట వినబడిందంటే అది కామెడీ క్యారెక్టరే, వాచ్‌మన్ అయినా అయి ఉంటాడు, పాలు పోసేవాడైనా అయి ఉంటాడు. మా ఆఫీసులోనే ఒక కుర్రాడికి మంచి గొంతు. ఆడిషన్‌లో "యాస తగ్గించుకో" అన్నారు. వాడు ఇప్పుడు షిప్‌యార్డ్ దగ్గర మొబైల్ షాపు పెట్టుకున్నాడు, యాస అలాగే ఉంది, బేరాలు బాగానే ఉన్నాయి. ఇక పాటల సంగతి. తప్పెటగుళ్ళు, జముకుల పాట పుట్టింది ఈ నేల మీద. వంగపండు ప్రసాదరావు గజ్జె కట్టి ఊళ్ళకి ఊళ్ళని ఊపేసింది ఈ యాసతోనే. ఇవి ఎఫ్‌ఎంలో వినాలంటే ముందు ఎవరో సినిమాలో పెట్టాలి, హిట్ అవ్వాలి.

మా నాన్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయనకి రేడియో అంటే ఆకాశవాణే, విశాఖ కేంద్రం 1963లో వచ్చింది, ఆయన పెళ్ళి అంతకు తర్వాత. బోట్లవాళ్ళూ అదే వినేవారు. ఎఫ్‌ఎం తరంగం తిన్నగా పోతుంది, కొండ అడ్డొచ్చినా, బోటు బాగా లోపలికి పోయినా గరగర మొదలవుతుంది. మీడియం వేవ్ అయితే నీళ్ళ మీద చాలా దూరం పాకుతుంది. తుపాను కబురు దాన్లోనే వచ్చేది. కబురుకి ముందూ వెనకా పాట వచ్చేది కాబట్టి ఆ పాటలూ వినేవారు. అంటే అక్కడ ఏ పాట వినాలో సముద్రం చెప్పింది. ఇప్పుడు హార్బర్‌లో ఫోన్లున్నాయి, బ్లూటూత్ డబ్బాలున్నాయి, పెన్‌డ్రైవ్ పెట్టుకుని వలలు బాగుచేసుకుంటారు. తెల్లారి వేలం పాటల దగ్గరికి వెళ్ళి చూడండి, వందలమంది ఉంటారు, చేప రేటు అరుస్తూనే పాట వింటుంటారు. ఒక్క ఎఫ్‌ఎం కూడా అటు తిరిగి చూడదు.

స్టేషన్‌వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక ఐడియా ఫ్రీగా ఇస్తున్నా. తెల్లారి నాలుగున్నర నుంచి ఆరు దాకా, హార్బర్ యాసలో మాట్లాడే మనిషిని కూర్చోబెట్టండి, సగం సినిమా పాటలు, సగం మన పాటలు. స్పాన్సర్ దొరకడంటారా? ఐస్ ఫ్యాక్టరీలున్నాయి, వలలమ్మేవాళ్ళున్నారు, ఇంజన్ రిపేర్ షెడ్లున్నాయి, వాళ్ళందర్నీ నేను తీసుకొస్తా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు మాత్రం ఎవడూ రూపాయి ఇవ్వడు, అది ముందే చెప్తున్నా. ఇన్సెంటివ్ మాత్రం ఏ నెలది ఆ నెలే ఇచ్చెయ్యాలి.