పాపకు పేగు ఆపరేషన్, మీద అప్పులు: ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మా రెండేళ్ల పాపకు బిలియరీ అట్రీషియా (లివర్ నుంచి పిత్తం దిగే నాళాలు మూసుకుపోయే జబ్బు). చంటిదిగా ఉన్నప్పుడు పిత్తం దిగేలా పేగును లివర్‌కు కలిపే కసాయ్ ఆపరేషన్ చేశారు, ఈ ఏడాది వాళ్లమ్మ లివర్ ఇచ్చింది. ట్రాన్స్‌ప్లాంట్ అయిన రెండో వారంలో పేగుకు చిల్లు పడి మళ్లీ సర్జరీ. ఇప్పుడు ఇంటికి వచ్చాం. ఆఫీసు ఇన్సూరెన్స్ 5 లక్షలూ అయిపోయింది. క్రెడిట్ కార్డుల మీద 3 లక్షలు, బంగారం మీద 4 లక్షలు అప్పు. మ్యూచువల్ ఫండ్ సిప్‌లో 3 లక్షల పైన ఉంది. ఊళ్లో ఉన్న ప్లాటు అమ్మాలా? - హైదరాబాద్ నుంచి ఒక తండ్రి

పాప ఇంటికి వచ్చిందని చదివి ప్రాణం కుదుటపడిందండి.

సిప్ డబ్బు తీసి కార్డుల బాకీ ఈ వారమే కట్టేయండి. కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది, ఏ ఫండూ అంత ఇవ్వదు. బంగారం లోను ఆగగలదు, వడ్డీ మాత్రం తప్పకండి.

ప్లాటు అమ్మండి. అప్పు తీర్చడం కన్నా, ముందు ముందు వచ్చే ఖర్చు కోసమే చెబుతున్నాను. కసాయ్ అయిన పిల్లల్లో పేగులు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత చిల్లు పడే ప్రమాదం ఎక్కువ, అది చాలావరకు మొదటి వారాల్లోనే వస్తుంది గానీ పేగుల బెడద అక్కడితో అయిపోదు. సీఎంవీ వైరస్ పేగుల్ని పట్టొచ్చు, కొత్త లివర్‌ను ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే మైకోఫినోలేట్ వల్ల మోషన్స్ కావొచ్చు, మోషన్స్ అయితే అందుకే ఇచ్చే ఇంకో మందు టాక్రోలిమస్ రక్తంలో పెరిగిపోయి మళ్లీ రక్తపరీక్షలు, ఒక్కోసారి అడ్మిషన్. పైగా స్టెరాయిడ్లు వాడుతుంటే లోపల ఎంత జరుగుతున్నా నొప్పి, జ్వరం పైకి సరిగా కనిపించవు. పొట్ట ఉబ్బినా, వాంతులైనా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, డబ్బు లేదని అసలే ఆగకూడదు. రాత్రికి రాత్రి అడ్వాన్స్ కట్టమంటే ప్లాటు పనికిరాదు, అప్పుడు అమ్మబోతే కొనేవాడు చెప్పిందే రేటు. ఇప్పుడే నిదానంగా బేరం పెట్టి, వచ్చిన దాంట్లో 4 లక్షలు సేవింగ్స్‌లోనో ఎప్పుడైనా తీయగల ఎఫ్‌డీలోనో ఉంచి, మిగతాది బంగారం లోనుకు కట్టండి.

ఇన్సూరెన్స్ సంగతి. మీ హెచ్‌ఆర్‌ను 'కార్పొరేట్ బఫర్' (ఉద్యోగి కవర్ అయిపోతే వాడేందుకు పాలసీలో ఉమ్మడిగా ఉంచే అదనపు మొత్తం) ఉందా అని అడగండి, చాలా కంపెనీల గ్రూప్ పాలసీల్లో ఉంటుంది, అడిగినవాళ్లకే ఇస్తారు. పాపకు విడిగా పాలసీ ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా పాత జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకే కొత్త చోట మొదటి రోజు నుంచే పాపకు కవర్ ఉంటుందని రాతపూర్వకంగా తీసుకోకుండా ఉద్యోగం మారొద్దు, జీతం ఎంత పెరిగినా సరే. ఇన్సూరెన్స్‌కు పెట్టని ఒరిజినల్ బిల్లులు ఉంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కు అప్లై చేయండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

సిప్ మళ్లీ మొదలుపెట్టే ముందు మీ పేరు మీద టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోండి. లివర్ ఇచ్చిన మీ ఆవిడకు ఇప్పుడు అది దొరకడం కష్టం కావొచ్చు, పాప మందులు మాత్రం మీ జీతం మీదే నడవాలి.